ఒళ్ళో సవతి

“ఇయ్యను. సచ్చినా ఇయ్యను,” అన్నాను.

అత్త చేతుల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తెల్లారినప్పటినుంచీ అదే ఏడుపు. ఇరవై ఒక్క రోజుల పిల్ల, నేను కన్న పిల్ల. ఆ ఏడుపుకి నా చీర ముందంతా పాలతో తడిసిపోయింది. అయినా గోడవైపు తిరిగి కూర్చున్నాను గానీ చెయ్యి చాపలేదు.

“ఒసే గంగా, నీకు పిచ్చేటే? ఆకలికి గుంట నీలబడిపోతన్నాది. బేగి తీసుకోవే!”

“నా కూతురైతే తీసుకుందును. నా కూతురు కాదని నిన్న మీరందరూ తేల్చేసినారు కదా.”

“ఎవులన్నారే ఆ మాట?”

“గింజ అన్నాది. నీ కొడుకన్నాడు. ఊరంతా అన్నాది. మీ రత్నాలు తిరిగొచ్చేసినాదంట కదా! మీ రత్నాలుకి మీరే ఇచ్చుకోండి పాలు.”

రత్నాలు నా సవతి. నేను కళ్ళతో చూడని సవతి. నేనీ గడప తొక్కకముందే దగ్గుతో నెత్తురు కక్కి పోయింది. పోయిందని అందరూ అంటారు. ఈ మూడేళ్ళలో ఆవిడ ఈ ఇల్లు వదిలింది ఏ రోజో నాకు మాత్రం తెలీదు. అంబలి కాస్తే, రత్నాలు కాచిన అంబలైతే ఇంకా చిక్కగా ఉండేదంటారు. చేను కలుపు తీస్తే, రత్నాలైతే ఈపాటికి ఆ గట్టు చేరేదంటారు. బతికున్న సవతితోనైతే జుట్టూ జుట్టూ పట్టుకుని తేల్చుకోవచ్చు. చచ్చినదాని జుట్టు ఎక్కడ పట్టుకోను?

నిన్న పిల్లకి పేరు పెట్టడానికి సోములమ్మని పిలిచారు. సోములమ్మ మా కొండకి గురుమాయి. చేటలో బియ్యం రుద్దుతూ ఆమె పిలిస్తే, పోయినవాళ్ళు ఆమె నోట పలుకుతారు. ఇంట్లో పిల్ల పుడితే, పోయినవాళ్ళలో ఎవరు తిరిగొచ్చారో తేల్చేది కూడా ఆమే. ఆనప బుర్రలో నీళ్ళు పోసి, తండ్రి ఇంటి పెద్దల పేర్లు చెబుతూ పేరుకొక బియ్యపు గింజ వేస్తుంది. గింజ మునిగితే ఆ మనిషి కాదు. తేలితే ఆ మనిషే. పిల్లకి ఆ పేరే.

మా మామగారి తల్లి పేరుకి మునిగింది. ఆయన అక్క పేరుకి మునిగింది. మూడో గింజ పట్టుకుని సోములమ్మ “రత్నాలు” అంది. ఆ పేరు చెబుతుందని నాకెవరూ ముందు చెప్పలేదు. గింజ తేలింది.

తేలితే తేలిందనుకుని సరిపెట్టుకునేదాన్నేమో. కానీ నా మగడు గాసి, ఇరవై రోజుల్లో ఒక్కసారి కూడా ఆ పిల్లని ఎత్తుకోని మనిషి, జనాన్ని తోసుకుంటూ వచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

“వచ్చినావా,” అన్నాడు.

కూతుర్ని అలా పలకరించరు. మూడేళ్ళు అతని పక్కన పడుకున్నాను, ఆ గొంతు నా కోసం ఒక్కసారి రాలేదు. ఆ తర్వాత లేచి చూరులో దోపిన రత్నాలు పూసలదండ తీసి పిల్ల మెళ్ళో వేశాడు. చైత్ర పండక్కి థింసా ఆడేటప్పుడు వేసుకుంటానని నేనడిగితే, తెగిపోతాయని ఇవ్వలేదు. అవే పూసలు. చంటిపిల్ల మెళ్ళో తెగవు కాబోలు!

రాత్రంతా ఆ మంటతోనే పడి ఉన్నాను. తెల్లారి పిల్ల నోరు తెరిచేసరికి నా చన్ను కోసం రత్నాలు నోరు తెరిచినట్టే అనిపించింది. పక్కకి నెట్టేశాను. చెప్పుకోవడానికి సిగ్గే. అయినా జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఎండెక్కే వేళకి గాసి చేనునుంచి వచ్చాడు. వలిసె పూత పసుపంతా వాడి మోకాళ్ళకి అంటుకుని ఉంది.

“ఏడుపు గెడ్డ దాకా వినిపిత్తన్నాది. ఏటి సేత్తన్నారు మీరు?”

“నీ పెళ్ళాం పాలియ్యనంతన్నాది,” అంది అత్త.

“ఏ పెళ్ళాం?” అన్నాను. “ఏడిసేదా, ఇయ్యనిదా?”

అత్త చుట్ట నోట్లోంచి తీసి నేలమీద ఉమ్మింది. గాసి పిల్లని అత్త చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు.

“ఊరుకో రత్నాలూ, ఊరుకో.”

“దాన్ని ఆ పేరుతో పిలవకు.”

“పెద్దలిచ్చిన పేరు. నానేటి సేత్తాను?”

“నాను నీకు కూతుర్ని కన్నాననుకున్నాను మావా. నీ మొదటి పెళ్ళాన్ని కనిచ్చానేటి?”

అతను పిల్ల వీపు నిమురుతూ నిలబడ్డాడు. నేను చూస్తున్నది ఆ చేతినే. అంత నెమ్మదిగా నిమరడం వాడికి వచ్చని నాకు నిన్నటిదాకా తెలీదు.

“నోరిప్పు మావా.”

“ఏటి సెప్పమంతావు?”

“రేపు నాను సచ్చిపోయి, ఇంకోదాని కడుపున పుడితే, నన్నూ ఇలాగే ఎత్తుకుంతావా?”

అతను ఆలోచించాడు.

అదీ నా ఖర్మ! ఆ మాట అడిగితే ఏ మగాడైనా ఎత్తుకుంటాననే అంటాడు. అబద్ధమైనా సరే, ఆడదాని మొహం చూసి అనేస్తాడు. గాసి ఆలోచించాడు. ఆలోచించి, తల దించుకుని, పిల్ల మెళ్ళో పూసలు సర్దాడు.

సోంబరు గుర్తొచ్చాడు నాకు. సోంబరు నా మొదటి మగడు. మా ఊరి వాగు, ఆ గెడ్డకి అవతలి ఊరు. నన్ను పల్లెత్తు మాట అనని మనిషి. నేను సంతలో ఎవడితో నవ్వినా, థింసాలో ఎవడి భుజం మీద చెయ్యి వేసినా, వాడికి చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. నా మీద వాడికి ఆశ లేదనుకున్నాను. ఆశ ఉంటే మంట ఉండదా? ఉప్పులేని అంబలి ఎన్నాళ్ళు తాగుతాను? మన్యంలో ఫితూరీ తిరుగుబాటు అణిగిన మరుసటేడు గాసి వచ్చి రమ్మన్నాడు. వచ్చేశాను. పెద్దలు కూర్చుని సోంబరుకీ నాకూ తెగుదల చేశారు. సోంబరు అప్పుడూ నోరెత్తలేదు.

ఇప్పుడిక్కడ మంటకేం లోటు లేదు. మండేది నేనొక్కదాన్నే.

“సోములమ్మని పిలిపించు,” అన్నాను.

“ఎందుకు?”

“సేట పట్టమను. రత్నాలుని పిలవమను. తిరిగొచ్చేసినోళ్ళు పలకరు కదా. అక్కడున్నోళ్ళే పలుకుతారు. పలికిందంటే నీ రత్నాలు అక్కడే ఉన్నాది, పిల్ల నాది. పలక్కపోతే ఆ పేరే పెట్టి, పాలిచ్చి, సచ్చేదాకా నోరెత్తకుండా పెంచుతాను. జాకరమ్మ తల్లి మీద ఒట్టు.”

గాసి మొహం పాలిపోయింది. “ఒద్దు,” అన్నాడు.

“ఏటి, భయమా?”

“ఒద్దే గంగా. వచ్చినదాన్ని రానియ్యి.”

మూడేళ్ళలో నన్ను వాడు బతిమాలింది అదే. అదీ ఆవిడ కోసం. నాకు ఒళ్ళు మండిపోయింది.

అత్త మధ్యలోకి వచ్చింది. “గంగ అడిగినదాంట్లో తప్పేటి లేదురా. గింజ మీద నమ్మకముంటే పలకదు. నాను ఎల్లి తెత్తాను. ఈ లోపల గుంట సావకుండా సూడండి.”

అత్త సోములమ్మ కోసం వెళ్ళింది. గాసి తేనె నీళ్ళలో గుడ్డ ముంచి పిల్ల నోట్లో పిండుతూ కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఎదురుగా కొండ చూస్తూ కూర్చున్నాను. పాలతో గుండెలు రాళ్ళలా బిగిసిపోయాయి. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే పిల్ల ఉంది.

సోములమ్మ తిట్టుకుంటూ వచ్చింది.

“నిన్న తేలిన పేరు. ఇయ్యాల మళ్ళీ ఈ రభస ఏటే గంగా? నా సెయ్యి తప్పన్నమాటా?”

“నీ సెయ్యి తప్పని నానెందుకంతాను అవ్వా? ఆవిడ గారినే అడిగి తెలుసుకుందామని.”

“ఆవిడ గారా!” అని ముసలిది నన్ను ఎగాదిగా చూసింది. “సవితి మచ్చరం గుంటా నీకు. సచ్చినదాని మీద కూడా మచ్చరమేటే?”

“బతికున్నదానికంటే అదే ఎక్కువ బతుకుతన్నాది అవ్వా ఈ ఇంట్లో.”

సోములమ్మ అరుగు మీద తూర్పుగా కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకుంది. బియ్యం పోసింది. అరచేత్తో గుండ్రంగా రుద్దడం మొదలెట్టింది. గరగరమని ఒకటే చప్పుడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పనులు మానుకుని వచ్చి నిలబడ్డారు. తగువంటే మా ఊళ్ళో ఎవరికీ పిలుపు అక్కర్లేదు.

గాసి పిల్లని గుండెకి అదుముకుని కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఏం అనుకుంటున్నాడో నాకు తెలుసు. పలకొద్దు, పలకొద్దు అనుకుంటున్నాడు. నేను పలుకు, పలుకు అనుకుంటున్నాను. నా జన్మలో నా సవతిని నేనొకటి అడిగింది అప్పుడే.

చాలాసేపు బియ్యం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి సోములమ్మ చెయ్యి ఆగింది. మెడ వాలిపోయింది. ఆమె గొంతులోంచి దగ్గు వచ్చింది. సోములమ్మ దగ్గు కాదది, పొడిగా, లోపల్నించి గీరుకుంటూ వచ్చే దగ్గు.

“ఓలమ్మా,” అంది అత్త. “అదే దగ్గు.”

“దాహమేత్తన్నాది,” అంది ఆ గొంతు.

అత్త ఇప్పసారా చుక్కలు ఆకులో పోసి చేట పక్కన పెట్టింది. “ఎవులమ్మా నువ్వు?”

“మరిసిపోనారేటి? రత్నాల్ని.”

నేను ఎగిరి లేచాను. “పలికినాది! అందరూ విన్నారు కదా! అక్కడున్నాది! అక్కడున్నది ఇక్కడెలాగుంతాది? పిల్ల నాది!”

సిగ్గు లేకుండా చప్పట్లు కూడా కొట్టాను. నా కోడి గెలిచినంత సంబరపడ్డాను. వచ్చిన ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఆ సంబరంతోనే గాసి వైపు తిరిగాను.

అతను పిల్లని చాప మీద దించుతున్నాడు. విసిరెయ్యలేదు, కోపంగానూ లేడు. పొరుగింటివాళ్ళ కుండ దించినట్టు జాగ్రత్తగా దించాడు. దించి, మోకాళ్ళ మీద పాక్కుంటూ చేట దగ్గరికి పోయాడు.

“రత్నాలూ! రత్నాలూ, నానే. గాసిని.”

వెనక పిల్ల ఏడుస్తోంది. అతను వెనక్కి తిరగలేదు. వాడు ముద్దు చేసింది నా కూతుర్ని కాదని నాకు నిన్ననే తెలుసు. కానీ ఇలా కళ్ళెదుట దించేస్తుంటే చూడ్డం వేరు. గెలిచిందెవరో అప్పటికి నాకు అర్థమైంది.

“గంగేది?” అంది ఆ గొంతు.

“నాతో మాటాడు రత్నాలూ.”

“నీతో ఏటున్నాది మావా, నీకన్నీ సెప్పే పోనాను. గంగేది? సెల్లీ!”

“నాను నీకు సెల్లిని కాను,” అన్నాను.

“నా సేత్తో ఎంచుకున్నదానివి. సెల్లివి కాక ఇంకేటవుతావు?”

“ఏటన్నావు?”

“హుకుంపేట సంత. ఎండు చింతపండు గంపలు రెండు, ఒకదాని మీద ఒకటి పెట్టుకుని గట్టెక్కినావు. ఎక్కడా దించనేదు. నీ మగడు వెనకాల ఉత్త సేతుల్తో వత్తన్నాడు. నాకప్పటికే నోట్లో నెత్తురు పడతన్నాది. నాను పోతే మావకీ అత్తకీ ఎవులు కూడొండుతారని ఏడుత్తున్నాను. నిన్ను సూసినాను. ఈ గుంట మోయగలదు అనుకున్నాను. మావకి సూపించినాను. సూడనన్నాడు. గెడ్డం పట్టుకుని ఇటు తిప్పినాను.”

నేను గుంజ పట్టుకున్నాను.

నేనెరిగిన సంగతి వేరు. ఆ సంతకి ఏడాది తిరిగాక గాసి ఒక వెదురు దువ్వెన పట్టుకుని గెడ్డ దగ్గర నిలబడ్డాడు. నీళ్ళకెళ్ళిన నాకు ఆ దువ్వెన ఇచ్చి, “సంతలో అంతమంది ఉన్నారు, నాకు నువ్వే అగుపించావు” అన్నాడు. నన్ను ఒకడు అంతమందిలో చూశాడు! ఆ ఒక్క మాటకి సోంబరుని వదిలేశాను. రత్నాలు రత్నాలు అంటూ వీళ్ళు ప్రాణం తీసినప్పుడల్లా, అయితేనేం, నన్ను చూసి తెచ్చుకున్నాడు కదా అని కడుపులో పెట్టుకున్నాను. నా బతుకంతా ఆ మాట మీదే నిలబెట్టుకున్నాను.

“నిజమేనా మావా?”

అతను తిరగలేదు.

“మావా, నిన్నే. ఆ దువ్వెన ఎవులు సెక్కినారు?”

“రత్నాలే,” అన్నాడు చేటవైపు చూస్తూనే. “పోయే ముందు పడుక్కునే సెక్కినాది.”

“మరి ఆ మాటో? అంతమందిలో నానే అగుపించానన్న మాటో?”

 అత్త చుట్ట వెలిగించుకోకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

“ఆ మాటా అదే సెప్పమన్నాది,” అన్నాడు.

ఇంకేం అడుగుతాను? సోములమ్మ నోట దగ్గు మళ్ళీ వచ్చింది, తగ్గింది. “సల్లగా ఉండండి” అని మాత్రం వినిపించింది. గాసి “ఉండు, ఉండు” అంటూ చేట అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. సోములమ్మ కళ్ళు తెరిచి, చేట లాక్కుని, మొహాన చెమట తుడుచుకుంది.

“ఏటన్నాది?” అని అడిగింది. ఆమెకి ఏదీ గుర్తుండదు.

అత్త చెప్పింది. సోములమ్మ పిల్లవైపు చూసి తల పంకించింది. “అయితే ఆ పేరు కాదు. పొద్దు వాలేలోగా ఏదో ఒక పేరు పడాల. పేరు నేని పిల్లని దారినపోయేవి పట్టుకుంతాయి. నీళ్ళు మార్చు. మీ ఇంట పోయినోళ్ళు ఇంకెవులున్నారు?”

“ఇంకెవులున్నారమ్మా! ఆడోళ్ళ పేర్లన్నీ నిన్ననే అయిపోనాయి,” అంది అత్త.

“ఏరా గాసీ, నీకు తెలిసినోళ్ళు?”

గాసికి వినపడలేదు. అరుగు మీద ఒలికిన బియ్యం వేళ్ళతో కెలుకుతూ కూర్చున్నాడు. నా పిల్ల అతని వెనక ఏడ్చి ఏడ్చి గొంతు పోయి వెక్కుతోంది. తన కూతురికి ఎవరి పేరు పెడుతున్నారో కూడా అతనికి పట్టలేదు.

ఆ వీపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నా నోటివెంట వచ్చింది ఆ మాట.

“వరహాలు పేరు సెప్పి ఎయ్యి అవ్వా.”

“వరహాలెవులు?”

“సోంబరు తల్లి. ఎప్పుడో పోనాది.”

“ఒసే!” అంది అత్త. “ఆ ఇంటి మనిషి మన గుంట కడుపులోకి ఎందుకొత్తాదే? తండ్రి ఇంటోళ్ళు కదా వచ్చేది! ఆళ్ళ పేరు—”

అక్కడ ఆగిపోయింది. ఆమెకి అర్థమైంది. గుమ్మం ముందున్న ఆడవాళ్ళకీ అర్థమైంది. 

గాసి తిరిగాడు.

మెల్లగా తిరిగి నా మొహం చూశాడు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. నా కోసం ఒక మగాడి కళ్ళు అలా మండడం నేనెప్పుడూ చూడలేదు. ఎంత హాయనిపించిందో! చూడు, బాగా చూడు, మూడేళ్ళు నేను తాగిన విషం ఒక్క గుక్క నువ్వూ తాగు అనుకున్నాను.

అబద్ధమే. గాసి ఇంటికి వచ్చాక సోంబరుని నేను ఒకే ఒక్కసారి చూశాను. అదీ సంతలో, దూరంనుంచి. వాడు నన్ను చూడనైనా లేదు. నేను వేసుకున్న లెక్క చాలా చిన్నది. గింజ వేస్తారు, అది మునుగుతుంది. ఆ మునిగేలోపు గాసి కాలుతాడు. మునిగాక నేను నవ్వేసి, పిల్లని తీసుకుని పాలిస్తాను. అంతే.

“ఎయ్యమంతావా గంగా?” అంది సోములమ్మ. ఆమె గొంతు మారిపోయింది. “ఎయ్యక ముందే సెప్పు. ఏసినాక నా సేతిలో లేదు.”

“ఎయ్యి,” అన్నాను గాసి కళ్ళలోకి చూస్తూ.

“వరహాలు,” అని సోములమ్మ గింజ వదిలింది.

అందరం ఆనప బుర్ర మీదికి వంగాం. గింజ నీళ్ళలో ఒక చుట్టు తిరిగింది. తిరిగి పైనే నిలిచింది.

మునుగుతుందని చూశాను. సోములమ్మ ఆ ఆనప బుర్ర అంచు వేలితో తట్టింది. గింజ కదిలింది గానీ మునగలేదు.

“ఎప్పుడు?” అన్నాడు గాసి.

“నేదు మావా! నీ మీద మంటతో అన్నాను. ఉత్తుత్తి మాట!”

“ఎప్పుడని అడుగుతన్నాను.”

“జాకరమ్మ తోడు మావా. నాను ఆడిని కలవనేదు. అవ్వా, నువ్వైనా సెప్పు! ఇంకోసారి ఎయ్యి!”

సోములమ్మ నీళ్ళ బుర్రని పక్కకి జరిపి లేచింది. ఎవరూ నా మొహం చూడ్డం లేదు. అత్త చాప మీంచి పిల్లని తీసి, మెళ్ళో పూసలు విప్పేసుకుని, పిల్లని తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

“పిల్ల నాది నాదన్నావు కదే. తీసుకో.”

పిల్ల ఆబగా చన్ను పట్టుకుంది. పొద్దుటినుంచి బిగబట్టిన పాలు దాని నోట్లోంచి పొంగి బుగ్గల మీదుగా కారిపోయాయి. నేను తల ఎత్తేసరికి గాసి చూరులోంచి గొడ్డలి లాగి భుజాన వేసుకున్నాడు.

“మావా, ఎక్కడికి?”

అతను అరుగు దిగాడు. చేను వైపు తిరగలేదు. గెడ్డ దాటి సోంబరు ఊరికి పోయే దారి పట్టాడు. పిల్లని లాగి లేవబోయాను, అది వదల్లేదు. అరిచాను, అతను వినలేదు. పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వలిసె చేల మధ్యనుంచి పోతున్నాడు. ఈ మూడేళ్ళ కాపురంలో, ఎవరూ చెప్పకుండా, అతను నా కోసం ఒక అడుగు వెయ్యడం అదే మొదలు.